పంద్రాగస్టు మర్నాటి చరిత్ర

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిస్తే చాలు, మా పాత టీచర్ల గ్రూపులో ఎవరో ఒకరు "చరిత్రలో ఈ రోజు" అంటూ బారెడు మెసేజి పెడతారు. ఏ దేశంలోనో ఏ రాజో గద్దెనెక్కాడనీ, ఎవరో ఏదో కనిపెట్టాడనీ చదువుతుంటే నాకు మాత్రం తొంభైలలో మేడ్చల్‌లో నేను పనిచేసిన బడి గుర్తుకొచ్చి, కాఫీ చల్లారిపోతుంది.

మావారి ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి మచ్చ బొల్లారంలో కాపురం పెట్టిన కొత్తలో ఇక్కడి మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, మిగతా సగానికి నవ్వొచ్చేది. నా మాటకి పిల్లలు నవ్వేవారనుకోండి, చెల్లుకు చెల్లు. ఆ ఏడే మా బడిలో కొత్త పద్ధతి పెట్టారు. ప్రార్థన కాగానే, పేపర్లో పడే "చరిత్రలో ఈ రోజు"ను ఒకరు మైకులో చదవాలి. వంతులు వేసే పని నాది. మైకంటే ఆ రోజుల్లో మాటలా! వంతు వచ్చిన పిల్లలు తలకి నూనె పెట్టుకుని, ఇంటిల్లిపాదినీ గేటు దగ్గర నిలబెట్టేవారు.

ఐదో తరగతి పిల్ల ఒకర్తికి పంద్రాగస్టు మర్నాడు వంతు పడింది. వాళ్ల నాయినకి సూరారంలో ఫ్యాక్టరీ పని. దసరాకి నాగారం మారిపోతున్నారు, ఇక ఆ పిల్లకి మా బడిలో మరో వంతు లేదు. తీరా చూస్తే, పంద్రాగస్టు పేపరు వాళ్లకీ సెలవే కదా, మర్నాడు పేపరు రాదన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు! హెడ్మాస్టరు గారు ఈ పూటకి వదిలేయమన్నారు. పిల్ల కళ్ల నిండా నీళ్లు. మనవరాలి గొంతు మైకులో వినాలని కూలి మానుకుని వచ్చిన అవ్వ గేటు దగ్గర నిలబడి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. వెళ్లి, పేపరు రాలేదమ్మా అని చెప్పాను.

"పేపర్ రాకుంటే గీ రోజు ఏం గాలేదా ఏంది పంతులమ్మా?" అంది అవ్వ, నన్ను ఎగాదిగా చూసి. "నిరుడు గీ రోజే గాదె మా గల్లీకి నల్లా వచ్చింది! పంద్రాగస్టు మిఠాయి ఇంక పిల్ల చేతులనే ఉండె. చెప్పు బిడ్డా, గదే చెప్పు."

నేను హెడ్మాస్టరు గారి వంక చూడకుండా పిల్లని మైకు ముందుకి తోశాను.

"చరిత్రల ఈ రోజు," అంది పిల్ల. "నిరుడు మా గల్లీకి నల్లా నీళ్లొచ్చినయి. గప్పటిసంది మా అవ్వ బోరింగు కాడికెంచి బిందె మోస్తలేదు."

ఆ గల్లీ పిల్లలంతా ఒక్కసారిగా చప్పట్లు! హెడ్మాస్టరు గారూ కొట్టారు, కొట్టక చస్తారా! అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ, మస్తుగ చెప్పిందని వాచ్‌మన్‌కి కూడా చెప్పుకుంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరుసటి ఏటి నుంచి ఆ రోజు వంతు కోసం పిల్లలు కొట్టుకునేవారు. ఒకళ్లింట్లో గేదె ఈనింది, ఇంకొకళ్ల అక్క శామీర్‌పేటలో కుట్టు మిషను పెట్టుకుంది, అన్నీ చరిత్రే. నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఆ రోజు పేపరు కోసం ఎవరూ వెతకలేదు.

ఈమధ్య ఆ గల్లీ మీదుగా వెళ్లాను. అంతా అపార్ట్‌మెంట్లే, నీళ్లకి లోటు లేదు, చల్లగా ఉండాలి. మెట్ల మీద కూర్చున్న ఒక అమ్మాయిని, ఇక్కడికి నల్లా ఎప్పుడొచ్చిందమ్మా అని ఊరికే అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసి, "వచ్చుడేందాంటీ, నల్లా ఎప్పుడూ ఉన్నదే గదా!" అంది.