ఇది మన కెటిల్ కాదు

మా తమ్ముడు రేయో ఏ వస్తువునీ ఒక పట్టాన నమ్మడు. తాళం నిన్నటిదేనా, కుర్చీ ఎవరైనా మార్చారా అని రోజూ తనిఖీ చేసుకుంటాడు. ఇరవై ఏళ్లప్పుడు స్కిజోఫ్రెనియా అని తేలింది. అయినా కెనడాలో మా ఊరు థండర్ బే రేవులో ధాన్యం గోదాము ఊడుస్తూ పదకొండేళ్లు పనిచేశాడు, ఒక్క పూటా ఆలస్యంగా వెళ్లలేదు. ఇప్పుడు యాభై రెండేళ్లు. ఒక్కడే అద్దె గదిలో ఉంటాడు. ఆ గదంటే వాడికి ప్రాణం. శనివారాలు నేను ఏలకుల రొట్టె పట్టుకెళ్తాను, వాడు కాఫీ కాస్తాడు.

ఆసుపత్రిలో వాడికి బొమ్మల పరీక్ష పెడతారు. గొడుగు, సుత్తి, కుర్చీ చూపించి, కాసేపటికి కొత్త బొమ్మలు కలిపి, ఇందాక చూసినవేవో చెప్పమంటారు. వాడు తడబడతాడు. పైగా "ఆ గొడుగు ఇది కాదు, మార్చేశారు" అని పేచీ పెడతాడు. చూసినదాన్ని గుర్తుపట్టడం ఈ జబ్బులో చాలామందికి కష్టమేనని నర్సు మార్లీన్ నాకు ఓపిగ్గా చెప్పింది. అప్పట్నుంచీ వాడు ఏదో మారిందంటే నేను చెవిన పెట్టడం మానేశాను.

మార్చిలో ఒక శనివారం వాడు కింద సౌనాలో, అదే ఆవిరిస్నానం గదిలో, ఉండగా, నేను పొయ్యి మీద కాఫీ పెట్టి ఫోన్లో కబుర్లలో పడ్డాను. నీళ్లన్నీ ఇగిరిపోయి, అమ్మ నీలం ఎనామిల్ కెటిల్ అడుగు మాడి చిల్లు పడింది. వాడు ఎంత గొడవ చేస్తాడోనని దాన్ని సంచిలో దాచి, తోమి తెస్తానని చీటీ రాసి వచ్చేశాను. పాత సామాన్ల కొట్లో అచ్చం అలాంటిదే దొరికింది. పాతదానికి ఉన్నట్టే మూతి దగ్గర మేకుతో కొట్టి పెచ్చు కూడా ఊడగొట్టాను. మహా తెలివైనదాన్ని కదా!

వారం తర్వాత వాడు దాన్ని ఒక్కసారి తిప్పి చూశాడు.

"అక్కా, ఇది మన కెటిల్ కాదు."

"మళ్లీ మొదలెట్టావా? పెచ్చు కనబడట్లా?"

"కనబడుతోంది. తుప్పేది? అమ్మ ఉన్నప్పుడు ఊడిన పెచ్చు కదా అది."

"తోమానురా, పోయింది" అన్నాను.

వాడు నా మొహం వంకే చూశాడు. "ఎవరొచ్చి మార్చారు? నీకు తెలుసు కదా?"

ఆ రోజు నుంచి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటాయన ఫిర్యాదు చేశాడు. మార్లీన్ నన్ను పిలిచి అడిగింది. "ఇలాగే ఉంటే గది ఖాళీ చేయించి, మనుషులు కనిపెట్టుకుని ఉండే చోటికి మార్చాలి. నిజం చెప్పండి, ఆ కెటిల్ మారిందా?"

"లేదు" అన్నాను. అరవై ఏళ్ల మనిషిని, నర్సు ముందు అబద్ధాలకోరునని తేలడానికి సిగ్గుపడ్డాను. వాడికి మందు పెంచారు.

ఆరు వారాలకి వాడు మందు వల్ల వణికే చేతులతో అదే కెటిల్లో కాఫీ కాచాడు. "నాదే పొరపాటక్కా. ఇది మనదే. నా కళ్లని నేను నమ్మకూడదు" అన్నాడు.

ఇక తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ మాడిన సంగతి, కొట్టు, మేకు, మార్లీన్‌తో ఆడిన అబద్ధం అన్నీ చెప్పేశాను. "నీ కళ్లు సరిగ్గానే చూశాయిరా. ఇప్పుడే ఆవిడకి ఫోన్ చేసి చెప్తాను."

వాడు తలుపు వంక చూశాడు. నా చేతిలో ఫోన్ వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇదీ పరీక్షేనా? ఇలా చెప్పి చూడమన్నారా ఆసుపత్రి వాళ్లు?"

"లేదురా, ఒట్టు!"

"సరేలే. ఇది మన కెటిలే అన్నాడని రాసుకోమను. నన్ను ఇక్కడే ఉండనివ్వమను" అంటూ నాకు కాఫీ పోశాడు.