నిమ్మకాయలు కట్టిన చోటు

నా భర్త పోయిన రోజు నుంచి మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు: దిష్టి. కొత్త రంపం మిషన్ కొన్నాడు, చేతినిండా పని దొరికింది, చూసినవాళ్ల కళ్లు మంచివి కావు. నేను గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను. అప్పుడు నోట మాట వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. ఆయన్ని దిష్టి చంపలేదు. మూరెడు కట్టుతీగ చంపింది.

మాది పర్చూరు దగ్గర పల్లె. మిరప, పత్తి మా పంటలు. వేసవిలో చేలో పని ఉండదు, అప్పుడు కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ తోటలు కోతకొస్తాయి. ఆయన ఏటా కోత ముఠా మేస్త్రి వెంట ఆ కోతలకు వెళ్లేవారు. చాలా ఏళ్లు మేస్త్రి మిషన్‌తోనే కోశారు. చివరికి సొంతది కొనుక్కోవాలనుకున్నారు. కొట్టుకు నేనూ వెళ్లాను.

కొట్టు యజమాని మిషన్ స్టార్ట్ చేసి చూపించాడు. “అమ్మా, మీరూ వినండి. ఇంట్లో గుర్తుచేసేది మీరేగా,” అన్నాడు. “ఈ బ్లేడు ముక్కు ఉంది చూశారా, దాని పైసగం దేనికన్నా తగిలిందంటే మిషన్ లేచి మొహం మీదికి తన్నుద్ది. రెప్ప వేసే టైము కూడా ఉండదు. బలంతో ఆపుదామంటే ఎవరి వల్లా కాదు. ఆపేది ఇదీ.”

ముందు పిడికి ఎదురుగా ఉన్న నల్ల రెక్కను ముందుకు నెట్టాడు. టక్కుమంది. తిరుగుతున్న గొలుసు అక్కడికక్కడ నిలిచిపోయింది. మిషన్ తన్నినప్పుడు ఆ ఊపుకో, చెయ్యి తగిలో రెక్క ముందుకు పడుతుందట, దాంతో బ్రేకు పడుతుందట. ముక్కుతో కోయొద్దన్నాడు. భుజం కంటే పైకెత్తొద్దన్నాడు. రెండు చేతులతో, బొటనవేలు పిడి చుట్టూ తిప్పి పట్టుకోమన్నాడు. ఆయన తానే ఒకసారి రెక్క నెట్టి చూశారు. తలూపారు.

ఇంటికి తెచ్చాం. మా వైపు కొత్త బండి ఏది కొన్నా, పనిలోకి దిగేముందు నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కట్టాల్సిందే. ట్రాక్టరుకైతే ముందు కడతారు, ఆటోకైతే అద్దం కింద. అత్తగారు మా చేలో కాయలే గుచ్చి దండ చేసి తెచ్చారు. రంపం మిషన్‌కు ఎక్కడ కట్టాలి? బ్లేడుకు కట్టలేరు. వెనక పిడికి కడితే చేతికి అడ్డం. వీలుగా కనిపించింది ఆ రెక్క ఒక్కటే. దండ ఊగి గొలుసులో పడకుండా మా మరిది కట్టుతీగ తెచ్చి, రెక్కనూ ముందు పిడినీ కలిపి బిగించి చుట్టాడు.

“అది కదలాలి కదా అబ్బాయ్,” అన్నాను. “కొట్టాయన ఏం చెప్పాడు?”

“కొట్టాయనకేం వదినా, కూర్చుని చెప్తాడు. కొమ్మలు కొట్టేటప్పుడు మాటిమాటికీ ఇది తగిలి మిషన్ ఆగిపోద్ది. మేస్త్రి మిషన్లన్నిటికీ ఇట్టాగే కట్టేసుంటది.”

“లైబ్రరీలో పుస్తకాలన్నీ అయిపోయినై,” అన్నారు అత్తగారు. “ఇక మీ వదిన మిషన్ని చదువుతోంది.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. “పోనీలేవే, అమ్మ ముచ్చట,” అన్నారు. దండ ఎండినప్పుడల్లా కొత్తది వచ్చింది. తీగ మాత్రం అలాగే ఉంది.

పోయిన వేసవి కోతల్లో జరిగింది మేస్త్రే చెప్పాడు. పడగొట్టిన చెట్టుకు ఆయన కొమ్మలు కోస్తున్నారు. కోస్తున్న కొమ్మ వెనక ఆకుల్లో ఒక మొద్దు ఉంది, కనపడలేదు. బ్లేడు ముక్కు దానికి తగిలింది. మిషన్ లేచి మెడ మీదికి వచ్చింది. మెడకు తువ్వాలు తప్ప ఏమీ లేదు. చీరాల ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే పోయారు.

“ఆయుష్షు అంతే రాసుందమ్మా,” అన్నాడు మేస్త్రి. తన లారీకి బ్రేకు పట్టకపోతే ఆయుష్షు అనడు. మెకానిక్‌ను పిలుస్తాడు.

పెద్దకర్మ నాడు ఒకావిడ నా పక్కన కూర్చుని, “పోయిన అమావాస్యకి నిమ్మకాయలు మార్చావా అమ్మాయ్?” అని అడిగింది. అంటే తప్పు నాదన్నమాట. మిషన్ వసారాలో మూలనే ఉంది, దండ దానికే ఉంది, మిరపకాయలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. టీచర్లు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు దాని పక్కనే భోంచేసి వెళ్లారు. ఎవరూ వంగి చూడలేదు. నిమ్మకాయలతో నాకు పేచీ లేదు. కట్టుకోండి. మనిషిని కాపాడటానికి చేసి పెట్టిన ఒక్క వస్తువును కదలకుండా కట్టేసి, దానికి రక్ష అని పేరు పెడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ వేసవిలో కోతలు మొదలయ్యాయి. మరిది మిషన్ కోసం వచ్చాడు. చేతిలో కొత్త దండలు, కట్టుతీగ చుట్ట.

“ఈసారి రెండు దండలు కడతాలే వదినా,” అన్నాడు.

నేను లోపలికి వెళ్లి కటింగ్ ప్లేయరు తెచ్చాను. పాత తీగ కత్తిరించాను.

“ఏంది వదినా ఇది! అన్న పోయింది చాలదా?”

“నీకే చాల్లేదు. మళ్లీ తీగ తెచ్చావు.”

అత్తగారు బయటికి వచ్చారు. “ఉన్న ఒక్కడికీ రక్ష లేకుండా చేస్తావా కోడలా?”

రెక్క నెట్టాను. కదల్లేదు. నూనె, పొట్టు కలిసి గడ్డకట్టాయి. కిరసనాయిలు పోసి పాత బ్రష్షుతో రుద్దాను. వాళ్లిద్దరూ చూస్తూ నిలబడ్డారు. చివరికి టక్కుమంది.

“స్టార్ట్ చెయ్,” అన్నాను. మరిది స్టార్ట్ చేశాడు. “ఇప్పుడు నెట్టు.” నెట్టాడు. గొలుసు ఆగింది. “దండ నీ బండి హ్యాండిల్‌కి కట్టుకో. దీనికి కడితే మిషన్ ఈ ఇల్లు దాటదు.”

దండలు రెండూ బండికి కట్టుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అన్నానికి కూర్చుంటూనే మొదలుపెట్టాడు. “చెప్పానా వదినా? ఇవాళ పని మధ్యలో మిషన్ ఆగిపోయింది. మేస్త్రి అందరి ముందూ తిట్టాడు. ‘ఏరా, మీ వదిన చేత మంత్రం వేయించుకొచ్చావా’ అన్నాడు.”

“ఊరికే ఆగిందా, తన్ని ఆగిందా?”

అన్నం కలుపుతున్న చెయ్యి నిలిచింది. “తన్నింది,” అన్నాడు. అని, ఎడమ అరచేతిని గడ్డానికి జానెడు దూరంలో నిలబెట్టి చూపించాడు. అక్కడి దాకా వచ్చి ఆగిందట. అత్తగారు కూర గరిట కింద పెట్టి అతని గడ్డం పట్టుకుని చూశారు.

నాకు ఊపిరి వచ్చింది. దాని వెంటే కోపం వచ్చింది. ఆ జానెడు ఆయనకూ దక్కాల్సింది.

“మిగతా మిషన్లకు తీగలున్నాయా?” అని అడిగాను.

“ఉన్నై.”

“నువ్వేమన్నావ్?”

“నా తిట్లు నేను తింటున్నాగా వదినా.”

కటింగ్ ప్లేయరు తెచ్చి అతని కంచం పక్కన పెట్టాను.