ఒకే తొట్టిలో నానిన గవ్వలు

గవ్వంత బరువు. ఇన్నేళ్లయినా గుండె మీదినుంచి దిగలేదు. నవ్వొస్తోందా మీకు? నాకైతే ఒళ్లు మండుతోంది, నా మీద నాకే.

నైజాం పాలన చివరి రోజులవి. పట్నంలో రాళ్లను పరిశీలించే ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఆ కొలువు ఇప్పించింది మా ఇబ్రహీంపట్నం కాసిమన్నే. ఊళ్లు తిరిగి రాళ్లు, గవ్వలు తెచ్చేది అతను. వాటికి పట్టిన గార వదిలించి, రకం తేల్చి, చీటీ కట్టేది నేను. మందంగా, గీతలు గీతలుగా ఉంటే సముద్రానిది. పల్చగా, నున్నగా ఉంటే చెరువుది. ఒక్కోటే కడగాలి, దాని చీటీ దాని పక్కనే ఉండాలి. ఈ మాత్రం చేతకాలేదు నాకు.

పీర్ల పండుగ. మా ఊరి ఊరేగింపులో పెద్ద పీరును ఎత్తేది కాసిమన్న ఇంటివాళ్లే. అది చూడాలని నా తొందర. అతను మా చెరువు మట్టిలోంచి తెచ్చిన గవ్వలనూ, ఎక్కడో సముద్రపు సున్నపురాయిలో దొరికి మా ఆఫీసుకు నమూనాలుగా వచ్చిన రాతిగవ్వలనూ ఒకే తొట్టిలో నానబెట్టాను. చీటీలు తడిసి ఊడాయి. గార పూర్తిగా వదలకముందే అందాజుగా కట్టేసి ఊరి బండెక్కాను.

తిరిగొచ్చేసరికి ఇబ్రహీంపట్నం చీటీతో సముద్రపు గవ్వ మా ఆఫీసు దొర బల్ల మీద ఉంది. గ్రానైటు గుట్టల ఊళ్లో సముద్రమెక్కడిది? మెప్పు కోసం ఆఫీసు నమూనానే దొంగిలించి, కొత్తగా దొరికినట్టు తెచ్చాడని దొర కాసిమన్న మీద విరుచుకుపడ్డాడు. నన్నడిగితే, ఇచ్చింది ఇచ్చినట్టే కడిగానన్నాను.

వరండాలో కాసిమన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, గది నేను తెచ్చింది కాదు. కడిగింది నువ్వే గద, జర యాది చేస్కో."

"నాకేమెరుక అన్నా. నువ్విచ్చిందే కడిగిన."

మళ్లీ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్నా? చెప్పేవాణ్ని కాదు. అతను తెచ్చిన చెరువు గవ్వ సముద్రపు చీటీతో నమూనాల పెట్టెలోనే ఉందని నాకు తెలుసు. దాన్ని తీసి చూపిస్తే అతని కొలువు నిలిచేది, నాది పోయేది. తీశాను. తీసి మురికి మోరీలో పారేశాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

కొలువు పోయిన కాసిమన్న ఊరికి చేరాడు. మరుసటేడు పీర్ల పండుగకు, దొంగతనం చేసిన చెయ్యి పీరును ముట్టొద్దని పెద్దలు అన్నారట. అతను జనంలో నిలబడి చూశాడు. నేను అతని పక్కనే నిలబడ్డాను. అప్పుడైనా నోరు విప్పానా?

కాసిమన్న పోయాడు. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ పీరు ఎత్తడం లేదు. వాళ్లకు చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేక మీకు చెబుతున్నాను. అతను దొంగ కాదు. చీటీ తప్పు కట్టింది నేను. ఈ ముక్క రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.