నాడాలు లేని లంగోటీలు

మొన్న శుక్రవారం, నాకు పిన్నిలాంటి మా పక్క క్వార్టర్ ఖాలా పోయింది. పొద్దున్నే నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే, ఆమె కోడలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, అమ్మీ ఇగ లేదు" అంది. జ్వరమే కదా, తగ్గుతుందిలే అనుకున్నాం అందరం. బిందె నిండి పొర్లుతున్నా ఇద్దరిలో ఎవరమూ నల్లా కట్టేయలేదు.

ఈ బొగ్గుగనుల కాలనీలో అందరమూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవాళ్లమే. నేను బోథ్ నుంచి కోడలిగా వచ్చాను, ఖాలా నిర్మల్ నుంచి. బొంతలు కుట్టడం ఆమె పని. సూది ఎప్పుడూ ఎడమ భుజం మీద చీరకు గుచ్చి ఉండేది. ఆమెను కౌగిలించుకోవాలంటే కుడివైపు నుంచే వెళ్లాలి. నేను మర్చిపోయి చాలాసార్లు గుచ్చుకున్నాను, పైగా తిట్లు కూడా నాకే.

నాకిప్పుడు ఏడో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి ఆగలేక టోపీలు, మేజోళ్లు, దోమతెర అన్నీ కొని పెట్టుకున్నాను. తర్వాత అవి ఎవరికి ఇచ్చేశారో నేను అడగలేదు. అందుకే ఈసారి మా అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ముందుగాల ఏం కొనకు బిడ్డా. పుట్టినంక చూసుకుందాం." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసేది.

అయినా మనసు ఊరుకుంటుందా? ఫోన్‌లో గుడ్డ డైపర్లు చూస్తూ కూర్చునేదాన్ని. ఏనుగు బొమ్మలవి, రంగురంగుల గుండీలవి. ధర చూస్తే కళ్లు తిరిగేవి. ఒకరోజు ఖాలాకు చూపించాను.

"గింత పిరమా? గిది పిల్లకు కడ్తవా, షోకేస్‌ల పెడ్తవా? నడువు బజారుకు" అంది.

ఆమెతో బట్టల దుకాణానికి పోతే పరువు ఇంట్లో పెట్టి పోవాలి. ప్రతి తానునూ చెంపకు రాసుకుని చూసింది. సంచీలోంచి నీళ్ల సీసా తీసి గుడ్డ మూల మీద ఒక చుక్క వేసింది. చుక్క ఇంకకుండా నిలబడితే ఆ తాను పక్కకు. "అమ్మా, అది అమ్ముకునే సరుకు" అని దుకాణదారు మొత్తుకున్నాడు. "నేను కొనే సరుకు గూడ గదే బేటా" అంది. చివరికి తెల్లటి, మెత్తటి మల్లు గుడ్డ తీయించింది. నేను పసుపుది తీసుకుందామన్నాను. మా కాలనీలో తీగ మీద ఏది ఆరేసినా బొగ్గు దుమ్ము పడుతుంది కదా, రంగుదైతే కనబడదని.

"కనవడకుంటే దుమ్ము పోతదా? తెల్లదైతే కనవడ్తది, దులుపుతవు."

లోపలి పొరలకు మాత్రం పాత గుడ్డే కావాలంది. కొత్తది అంతగా తడి పీల్చదట. ఇంటికి రాగానే ట్రంకు పెట్టెలోంచి, గనిలో పనిచేసి చనిపోయిన తన భర్త లుంగీలు బయటికి తీసింది. వద్దని నేను చెయ్యి పట్టుకున్నాను. "పెట్టెల పండవెడితే ఆయనకేమొస్తది? పిల్ల తడిపితే ఖుష్ అయితడు" అని కత్తెర అందుకుంది.

పసిబిడ్డకు కట్టే మొదటి లంగోటీ కుట్టి, కొలత కోసం మా వంటింట్లో ఉన్న గుమ్మడికాయకు కట్టి చూసింది. షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన వంటింటి గడపలోనే ఆగిపోయాడు. "గీ గుమ్మడికాయకు లంగోటీ ఎవలు కట్టిండ్రు?" అన్నాడు. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక కింద కూలబడ్డాం.

నవ్వు ఆగాక ఆ చిన్న లంగోటీ వైపు చూస్తే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఖాలా, ఇగ ఆపేద్దాం. మల్ల గట్లనే అయితే నేను తట్టుకోలే" అన్నాను.

ఆమె నాకు ధైర్యం చెప్పలేదు. గుమ్మడికాయకున్న లంగోటీ విప్పి, భుజం మీది సూది తీసి, నాడాల కుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. "నాడా లేంది లంగోటీ గాదు, ఉత్త గుడ్డ. ఇంట్ల గుడ్డలుంటే ఎవలకేం నష్టం? పుట్టినంక సూది పట్టుకొని దవాఖానకు నేనే వస్త. అక్కడ్నే కుడ్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

నా భయాన్ని తప్పుపట్టని మనిషి ఆమె ఒక్కతే. ఆ తర్వాత కుట్టినవన్నీ అలాగే నాడాలు లేకుండా కుట్టింది. నాడాలను చుట్టచుట్టి వేరే మూట కట్టింది. నేనేమో ఆమెకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. చెబితే తిట్టేది.

నిన్న ఆమె కోడలు ఆ లంగోటీలున్న సంచీ తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్కటీ తీసి చూశాను. అన్నీ ఉత్త గుడ్డలే. అడుగున గుమ్మడికాయకు కట్టినది ఉంది. దానికి నాలుగు నాడాలూ మళ్లీ కుట్టి ఉన్నాయి. కుట్లు వంకరటింకరగా పోయాయి.

"జ్వరంల సూది అడిగింది అక్కా. వద్దంటే ఇనలే" అంది కోడలు. "'దవాఖానకు నేనైతే రానేమో. బిడ్డ మాత్రం వస్తది. ఒక్కటన్న తయార్ ఉండాలె' అన్నది."

దాన్ని ఉతికి, వెనక పెరట్లో కాకుండా ముందు వాకిట్లో, మా ఆయన గని బట్టల పక్కన తీగ మీద ఆరేశాను. అవ్వ ఫోన్ చేస్తే ఆ సంగతి దాచకుండా చెప్పాను. సాయంత్రందాకా దుమ్ము పడినప్పుడల్లా వెళ్లి దులిపాను. నాడాలు గాలికి ఊగుతూనే ఉన్నాయి.