అడ్డకర్రకు కొలత నేనే

సముద్రంతో మనిషి చేసిన ఒక మహాసంగ్రామం గురించి చెప్పబోతున్నాను. ఇందులో ఇసుకగాలి ఉంది, బోల్తాపడిన నౌక ఉంది, నీళ్ళలో మునిగిన వీరులున్నారు. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

లేదు లెండి. నౌక అన్నది మూరెడు లోతు లేని ప్లైవుడ్ పడవ. వీరులు ఇద్దరు, వాళ్ళలో ఒకరికి ఈత రాదు. అసలు జరిగిందల్లా ఆ పడవలో ఒక తాడు వెనకనుంచి మధ్యకు రావడమే. జరిగిన దూరం ఒక బార ఉంటుందేమో. ఆ బారెడు దూరం వల్ల ఇవాళ్టికీ మామ ముఖంలోకి చూడాలంటే ముందు ఏదో ఒక హాస్యం ఆడి, ఆయన నవ్వుతున్నప్పుడు చూడాల్సి వస్తోంది.

మామ అంటే మేనమామ కాదు. రాయచోటి పక్కన మా పొరుగూరి సాయిబు. ఊళ్ళ వరసలో మామ. కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టరు దగ్గర వడ్రంగి. నా పాస్‌పోర్టు మీద వీసా పడేదాకా కఫీల్ అనే వీసా ఇచ్చే యజమాని చుట్టూ తిరిగిందీ, వచ్చాక తన గదిలో తన మంచం పక్కనే నాకు చోటిప్పించిందీ, రంపం ఎటుపక్క పట్టుకోవాలో నేర్పిందీ ఆయనే. మనిషి భారీ. బస్సులో మామ పక్కన సీటు దొరికితే సీటు దొరికినట్టు కాదు.

ఆ పడవ ఒక దొరది. దొర చమురు కంపెనీలో ఇంజనీరు. వారమంతా మా వడ్రంగి షెడ్డుకు పనులు పురమాయించేవాడు, శుక్రవారం మధ్యాహ్నం సముద్రం ఒడ్డున క్లబ్బులో పడవ పందేలాడేవాడు. పందెం పడవలో ఇద్దరుండాలి. ఒకరు చుక్కాని, పెద్ద తెరచాప చూసుకోవాలి. రెండోవాడు ముందున్న చిన్న తెరచాప పట్టుకుని, గాలికి పడవ ఒరిగినప్పుడు రెండో పక్కకు వెళ్ళి తన బరువంతా అంచు మీద వేయాలి. దొరకు జోడీగా ఉన్న ఇంకో దొర తన దేశం వెళ్ళిపోయాడు. పడవకు పగులు పడితే అతుకు వేయడానికి వెళ్ళిన మామను దొర ఒకసారి పైనుంచి కిందికి చూసి, అతుకు సంగతి మరిచిపోయాడు. షమాల్ అనే ఎడారి ఇసుకగాలికి ఎదురు కూర్చోవడానికి అంతకన్నా మంచి బరువు కువైట్ మొత్తం వెతికినా దొరకదు.

అలా మామ జుమ్మా నమాజు చదువుకుని, లైఫ్ జాకెట్ తాళ్ళు ముడి అందక మా చేత కట్టించుకుని, రెండేళ్ళు ఆ పడవలో వెళ్ళాడు. నేను ఒడ్డున పడవను నీళ్ళలోకి దించే బండి పట్టుకునేవాణ్ణి.

"మామా, ఈత రాదు గదా, భయం కాదా?" అని అడిగానొకసారి.

"ఈత వచ్చినోళ్ళు ఏమన్నా ఇక్కడ్నుంచి రాయచోటికి ఈదతారా?" అన్నాడు.

పడవలో ఆయనకేం నచ్చిందో నాకు చాలాకాలం తెలియలేదు. చివరికి ఒకరోజు గదిలో చపాతీ కాలుస్తూ ఆయనే చెప్పాడు. పడవను మలుపు తిప్పేముందు చుక్కాని పట్టినవాడు "రెడీ?" అని అడగాలట. రెండోవాడు "రెడీ" అంటే తప్ప తిప్పకూడదట. అది ఆ పడవల ఆచారం.

"వారమంతా యల్లా యల్లా, తొందర తొందర అనేటోళ్ళే గదరా. రెడీనా అని అడిగేటోడు ఒక్కడు లేడు. ఆడ దొర అడుగుతాడు. నేను చెప్పేదాంక ఆగుతాడు." చపాతీ తిప్పాడు. "ఒకసారి కావాలనే లేటుగా చెప్పినా. ఆగినాడు."

ఇప్పుడు తాడు సంగతి. తెరచాపను లాగే తాడును వాళ్ళు షీట్ అంటారు. ఎందుకంటారో నేనడగలేదు, సెలవు అడగడానికే నోరు రాని రోజులవి. పాతకాలపు పందెం పడవల్లో పెద్ద తెరచాప కింద ఉండే వాసం చివర్నుంచి ఆ తాడు పడవ వెనక చెక్కకు దిగేది. దొర ముందుకు చూస్తూ చుక్కాని పట్టాలి, వెనక్కి తిరిగి తాడు లాగాలి. రెండూ ఒకేసారి. ఆవును ముందునుంచి నడిపిస్తూ వెనకనుంచి పాలు పితికినట్టు. దీనివల్ల దొరకు మెడ పట్టేసేది కానీ, పడవ మధ్య భాగమంతా ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ మామది. మలుపు వచ్చినప్పుడు ఆయన అటునుంచి ఇటు మారడం గదిలో బీరువా జరిపినట్టుండేది. కానీ జరిగేది.

క్లబ్బులో పడవల మీద వచ్చే ఒక పాత పత్రిక ఉండేది. అందులో కొత్త పడవల బొమ్మలు. వాటిలో తాడు వాసం నడుమనుంచి నేరుగా కిందికి దిగి, పడవ మధ్యలో ఒక అడ్డకర్ర మీద బిగించిన కప్పీలోంచి దొర చేతికి వస్తోంది. కప్పీ పక్కనే తాడును కరిచి పట్టుకునే పళ్ళు. లాగి వదిలేస్తే చాలు, చేయి ఖాళీ. వెనక్కి తిరగక్కర్లేదు.

ఆ బొమ్మ నేనే తీసుకెళ్ళి దొరకు చూపించాను. నా ఇంగ్లీషులో "సార్, రోప్ మిడిల్, నెక్ నో పెయిన్" అన్నాను. దొర నా భుజం తట్టాడు. ఆ తట్టిన చోట నాకు రెండు రోజులు పొగరుగా ఉండింది. ఆయనకు ఆ ఆలోచన ముందే ఉండే ఉంటుంది, ఆ ఏడాది సగం పడవలు అలాగే మారాయి అని నా తరఫు వకీలు నాలోపల ఎప్పుడూ వాదిస్తుంటాడు. మంచి వకీలే. ఒక్క కేసూ గెలవలేదు.

అడ్డకర్ర చేసింది మామ. మంచి టేకు ముక్క, షెడ్డులో ఏదో తలుపుకు మిగిలింది. అంచులు గుండ్రంగా చెక్కి, గాజుకాగితం పట్టి, నూనె రాసి తెచ్చాడు. దాన్ని పడవలో ఎక్కడ బిగించాలో కొలవాలి. షెడ్డులో మాకొక పద్ధతి ఉండేది. కుర్చీ చేసినా బల్ల చేసినా పనివాడు బయట నిలబడి పెన్సిలు పట్టుకోవాలి, చేతులు ఖాళీగా ఉన్నవాడు అందులో కూర్చుని కొలత ఇవ్వాలి. చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండేది నాకే. కాబట్టి పడవలో నేను కూర్చున్నాను. మామ బయట మోకాళ్ళ మీద కూర్చుని కర్రను జరుపుతూ అడిగాడు.

"మోకాళ్ళు తగుల్తాండాయా?"

"లేదు మామా."

"ఇంకొంచెం ముందుకా?"

"దండిగా జాగా ఉండాది మామా."

అబద్ధం చెప్పలేదు. నా మోకాళ్ళ గురించి అడిగాడు, నా మోకాళ్ళ గురించి చెప్పాను. దొర పక్కన నిలబడి "గుడ్, గుడ్" అంటున్నాడు, కర్ర ముందుకు పోయేకొద్దీ ఆయన కాళ్ళకు చోటు పెరుగుతోంది కదా. అక్కడ కూర్చోబోయేది నేను కాదు, మామ అని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

తట్టింది. నాకే తట్టింది. మామ బర్మా తీసుకుని రంధ్రం వేయడానికి వంగినప్పుడు ఆయన పొట్ట పడవ అంచు మీద ఆనింది. ఆ పొట్టను చూశాను, తెరకొయ్యకూ అడ్డకర్రకూ మధ్య నేను కూర్చున్న సందును చూశాను. పొట్ట వెళ్ళదు. రంధ్రం ఇంకా పడలేదు. నోరు తెరిస్తే చాలు. అప్పుడే నాకొక ఆలోచన మొదలైంది, 'మామ పట్టకపోతే మరి' అని. అక్కడికి ఆపేశాను. పెద్దమనిషి తరహాలో వాక్యం పూర్తి చేయలేదు. కానీ మిగతా సగంలో కూర్చున్నది ఎవరో నాకు తెలుసు, లైఫ్ జాకెట్ వేసుకుని మరీ కూర్చున్నాడు.

బర్మా తిరిగింది. టేకు పొట్టు నా ఒళ్ళో పడింది.

ఆ శుక్రవారం పందేనికి ముందు మామ కొత్త అమరికలో కూర్చున్నాడు. కూర్చోవడం వరకూ బాగానే ఉంది. ఒడ్డుకు దగ్గర్లోనే దొర "రెడీ?" అన్నాడు. మామ "రెడీ" అన్నాడు. పడవ తిరిగింది, మామ తిరగలేదు. మోకాళ్ళు కర్ర కింద, వీపు తెరకొయ్యకు, వాసం వచ్చి తలకు. పెద్ద దెబ్బ కాదు. ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వకపోతే అనుమానం వస్తుందని నవ్వానా, నవ్వొచ్చి నవ్వానా అన్నది ఇంకా తేలలేదు.

ఒడ్డుకొచ్చాక దొర మర్యాదగానే చెప్పాడు. ఇవాళ గాలి తక్కువ, బరువు అక్కర్లేదు, కుర్రాణ్ణి ఎక్కిద్దాం అని. మామ లైఫ్ జాకెట్ విప్పి నాకు తొడిగాడు. నాకది గుడారంలా ఉంది. తాళ్ళు నా చుట్టూ రెండు చుట్లు తిప్పి కడుతూ, "తల వంచుకోరా, వాసం వస్తాది. నాకు చెప్పినోడు లేడు, నీకు చెప్తాండా" అన్నాడు.

ఆ పందెంలో మేం రెండో స్థానంలో వచ్చాం. ఆ పడవకు అంతకుముందు ఎప్పుడూ అంత మంచి స్థానం రాలేదు. ఇక నా సీటు ఖాయమైపోయింది.

మామ గొడవ పడితే బాగుండేది. పడలేదు. ప్రతి శుక్రవారం నాకన్నా ముందే వచ్చి పడవ మీది గుడ్డ విప్పేవాడు. కప్పీలో చేరిన ఇసుకను ఊదేసేవాడు. తాడు చివర ముడి ఊడిపోకుండా ఉందో లేదో లాగి చూసేవాడు. నేను వచ్చేసరికి పెళ్ళికొడుకును చేసినట్టు పడవ తయారు. నేను ఎక్కి కూర్చుంటే నడుంలోతు నీళ్ళదాకా వచ్చి తోసేవాడు. సముద్రంలో దొర "రెడీ?" అన్నప్పుడల్లా ఒడ్డున ఉన్న మామ వైపు చూసేవాణ్ణి. ఒకసారి మరీ లేటుగా చెప్పాను. దొర ఆగాడు. మామ చెప్పింది నిజమే. ఆగడం ఎంత బాగుంటుందో నాకూ తెలిసింది, తెలిసినందుకు ఇంకా సిగ్గేసింది.

చివరికి ఒక శుక్రవారం పొద్దున్నే షమాల్ లేచింది. కిటికీ సందుల్లోంచి ఇసుక మంచం మీదికి వస్తోంది. ఇదే అదను అనుకున్నాను. ఈ గాలికి నా బరువు చాలదు, నేను రానంటే దొరకు మామ తప్ప దిక్కులేదు. క్లబ్బుకు వెళ్ళాక పొట్ట పట్టుకుని కూలబడ్డాను.

"ఏమైంది?" అన్నాడు దొర.

"స్టమక్ సార్. అబ్బాసియా హోటల్ బిర్యానీ."

మామ నన్ను చూశాడు. "రాత్రి తినింది పెరుగన్నం గదరా, బిర్యానీ యాడిది?"

"అదే మామా, బిర్యానీ తినలేదని నొప్పి."

ఆయన నవ్వలేదు. జాకెట్ వేసుకున్నాడు. తాళ్ళు నేనే కట్టాను. నొప్పితో మెలికలు తిరుగుతూ గట్టిగా ముడి వేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. మామ అంచు మీద వెనక్కి వాలి కూర్చుంటే పడవ గీత గీసినట్టు పోతోంది. మిగతా పడవలన్నీ ఒరుగుతుంటే మాది బల్లలా ఉంది. ఒడ్డున నేను పొట్టనొప్పి మరిచిపోయి గంతులేశాను. అప్పుడు మలుపు వచ్చింది. ఇంత దూరం నుంచి "రెడీ" వినబడదు కానీ చెప్పే ఉంటాడు. పడవ తిరిగింది. మామ సగం దాకా వచ్చి అడ్డకర్ర దగ్గర ఆగిపోయాడు. తెరచాపను వదులు చేయడానికి దొర తాడు వదలబోయాడు, కప్పీ పక్కన పళ్ళు కరిచి పట్టుకున్నాయి, వదల్లేదు. పడవ నిదానంగా, ఎవరికీ తొందర లేనట్టు, పక్కకు పడుకుంది.

ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. మామకు ఈత రాదు. రంధ్రం పడకముందు నోరు తెరవని నేను ఇప్పుడు నోరు తెరిచి కేకలేస్తున్నాను. చెప్పులతోనే నీళ్ళలోకి పరిగెత్తాను.

దొర ప్రాణాలకు తెగించి ఈదుతున్నాడు. "హోల్డ్ ఆన్!" అని అరుస్తున్నాడు. మామ మాత్రం ఈదడం లేదు, మునగడం లేదు. నిలబడి ఉన్నాడు. నీళ్ళు ఛాతీ దాకా. మన సముద్రం అక్కడ అంతే లోతు. కాసేపు దొర ఈత చూసి, తర్వాత పడవ ముక్కుతాడు భుజాన వేసుకుని, ఎద్దును తోలుకొచ్చినట్టు ఒడ్డుకు నడిపించుకొచ్చాడు. దొర కూడా కాసేపటికి నిలబడ్డాడు, చుట్టూ చూసుకుని.

మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయింది మామకు. ఒడ్డున ఇసుకలో కూర్చుని దాన్ని చూసుకుంటున్నాడు. దొర బట్టలు మార్చుకోవడానికి లోపలికి పోయాడు.

"పొట్ట ఎట్లుండాది?" అన్నాడు మామ.

"మామా, కొలత తీసేటప్పుడే నాకు తెలిసింది. నువ్వు పట్టవని. చెప్పలేదు."

"నాకూ తెలుసులే, నీకు తెలుసని. బర్మా పట్టుకోని నీ ముఖం చూసినా."

"మరి నువ్వెందుకు రంధ్రం వేసినావు?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తా వేసినా. వేసేది అయిపాయ." చర్మం ముక్క పీకి పారేశాడు. "అది వదిలెయ్. ఈ పొద్దు అబద్ధం చెప్పి నాకు సీటు దానం చేస్తివే, అది బాగలేదు. నాకు సీటు కావాల గానీ జకాత్ వద్దు."

"తాడు మళ్ళీ వెనక్కి పెట్టమని దొరను అడుగుతా. నేను ఇంక ఎక్కను మామా."

"ఎక్కకపోతే? దొర ఇంకోణ్ణి తెచ్చుకుంటాడు. అప్పుడు మనిద్దరిలో ఒక్కడూ ఉండడు ఆడ. పందెంలో రెండో స్థానం వచ్చినాక మూడోది కావాలనుకునే దొర ఉంటాడా? తాడు వెనక్కి పోదు. నువ్వు ఎక్కు."

నేనేదో చెప్పబోయాను. జీవితంలో మొదటిసారి హాస్యం కాని మాట ఒకటి గొంతుదాకా వచ్చింది, క్షమాపణకు దగ్గరి చుట్టం లాంటిది. మామ లేచి, కుంటుకుంటూ, తడిసిన తాడు చుట్ట నా చేతుల్లో పెట్టాడు.

"మాటలు తర్వాత. ముందు ఇది కడుగు."

ఉప్పునీళ్ళలో తడిసిన తాడును మంచినీళ్ళతో కడగకుండా ఆరేస్తే కర్రలా బిగుసుకుపోయి కప్పీలో తిరగదు. క్లబ్బులో మంచినీళ్ళ కొళాయి ఒక్కటే, పడవల షెడ్డు వెనక ఉండేది. తాడు చుట్ట ఎత్తుకుని అటు నడిచాను, ఆ మాట ఇవాళ్టికీ చెప్పలేదు.