మేస్త్రికి వినపడని మోత

ఆ షెడ్డుకు బోర్డు లేదు. ఉన్నా ఎవరూ చదివేవారు కాదు. "స్టెతస్కోపు దగ్గరికి తీసుకెళ్ళు" అంటే బండివాళ్ళందరికీ అర్థమైపోయేది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపట్టి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు మేస్త్రి. కాసేపటికి కళ్ళు తెరిచి, "వాటర్ పంపు బేరింగు" అనేవాడు. విప్పి చూస్తే అదే. డ్రైవర్లు వెక్కిరింతకి పెట్టిన పేరును ఆయన బిరుదులా మోసుకు తిరిగాడు.

అలాంటి మనిషికి చెవులు పోతున్నాయి. సుత్తి దెబ్బల మధ్యా గ్రైండర్ గోల మధ్యా జీవితమంతా గడిపిన చెవులు, అవి మాత్రం ఎంతకాలమని ఓర్చుకుంటాయి? ముందు కుడిచెవి మొరాయించింది. తర్వాత ఎడమది దాని దారే పట్టింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో రేడియో చెవులు గింగుర్లెత్తేలా పెట్టేవాడు. ఆ గోలలో ఎవరైనా అరిచే మాట్లాడాలి కాబట్టి సగం మాటలు అందేవి. మిగతా సగం పెదాలు చూసి పట్టుకునేవాడు. అదీ దొరక్కపోతే "ఊఁ, చూద్దాంలే" అనేవాడు. చెవి మీద బతికేవాడికి చెవుడొచ్చిందంటే మర్నాడు షెడ్డు ముందు ఒక్క బండి ఆగదని ఆయన భయం. ఆ భయం ఉత్తిది కాదు కూడా.

ఇలా గుట్టుగా నెట్టుకొస్తుండగా బావమరిది తన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ కారు తెచ్చి షెడ్డులో పెట్టాడు. కొండమీది ఆసుపత్రికి రోజూ నర్సుల్ని ఎక్కించుకెళ్ళి దింపుకొచ్చే బండి అది. దారంతా ఎత్తులూ మలుపులూ.

"బావా, గేరేసి క్లచ్ వదిలితే చాలు, వెనక అడుగున ఎవరో సుత్తితో గుద్దినట్టు ధబ్‌మంటోంది. నర్సమ్మలు హడలిపోతున్నారు. బాగుచేయించకపోతే వేరే బండి చూసుకుంటామన్నారు."

మేస్త్రి బండి కింద దూరాడు. ఈ జబ్బుకి చెవితో పనిలేదు, కంటికే కనపడింది. వెనక చక్రాలకు ఇంజన్ బలాన్ని పంచే ఇనప ఉండ ఉంటుంది, డిఫరెన్షియల్. దాన్ని ఛాసీకి పట్టి ఉంచేవి మౌంట్లు, అంటే ఉక్కు రింగుల్లో కూర్చోబెట్టిన రబ్బరు ముద్దలు. ఆ రబ్బరు పగిలి, పీలికలై వేలాడుతోంది. పట్టు లేని ఉండ, ఎత్తెక్కినప్పుడల్లా లేచి ఛాసీని పొడుస్తోంది.

"మౌంట్లు పోయాయిరా. నీ బండి నడుం విరిగింది."

"నడుమేగా, పర్లేదు. గుండెకాయేమో అనుకున్నా."

మేస్త్రి పని మొదలుపెట్టాడు. జాకీ మీద డిఫరెన్షియల్‌ని నిలబెట్టి, తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి, నానబెట్టి, తిప్పి విప్పాడు. పాత రింగులు ఒక పట్టాన రాలేదు. హ్యాక్సా బ్లేడుతో లోపలినుంచి గాడి కోసి, ఉలితో ముడిచి, ఒక్కోటీ పెరికాడు. కొత్తవాటికి సబ్బునీళ్ళు రాసి, పొడుగు బోల్టుకి అటూ ఇటూ ఇనప పలకలు పెట్టి, పానాతో కొంచెం కొంచెంగా బిగిస్తూ లోపలికి లాగించాడు.

ఇక్కడే జరిగింది పొరపాటు. ఆ రబ్బరు అంతా గట్టిగా ఉండదు, ఎదురెదురుగా రెండు ఖాళీలుంటాయి. అవి ఏ వైపుకి రావాలో ఆ వైపుకే రావాలి. బుద్ధున్న మెకానిక్కు ఎవడైనా పాతవి తీసేముందు అవెలా ఉన్నాయో ఛాసీ మీద సుద్దతో గీత పెట్టుకుంటాడు. మేస్త్రికి ఆ అలవాటే లేదు. "తప్పు కూర్చుంటే ట్రయల్లో చెవే చెబుతుంది" అనేది ఆయన పొగరు. ఏళ్ళ తరబడి చెవి నిజంగానే చెప్పింది. తప్పు పడ్డప్పుడల్లా విని, విప్పి, సరిచేసి, మూడోకంటికి తెలీకుండా బండి అప్పజెప్పాడు. ఆ కాపలా ఇప్పుడు లేదన్నది ఆ పూట ఆయనకి తట్టలేదు.

సాయంత్రం ఒక్కడే ట్రయల్‌కి వెళ్ళాడు. బండి మెత్తగా, నిశ్శబ్దంగా వెళ్ళింది. వెళ్ళకేం? ఆయనకు ఇప్పుడు ప్రతి బండీ నిశ్శబ్దంగానే వెళుతోంది.

"పట్టుకుపో, పువ్వులా ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దెక్కకముందే బావమరిది ముఖం మాడ్చుకుని వచ్చాడు. "ఏం పువ్వు బావా? మోత ఇంకా పెరిగింది!"

"నోర్ముయ్. పని చేసింది నేను."

"ఎక్కు. నువ్వే విందువుగాని."

ఎక్కించుకుని కొండదారి మొదట్లో గేరు మార్చాడు. "అదిగో! విన్నావా?"

మేస్త్రి ముందుకు చూస్తూ కూర్చున్నాడు. "ఏదీ?"

ఇంకోసారి. "ఇదిగో, ఇప్పుడు!"

"ఏమీ లేదు."

బావమరిది బండి పక్కకి ఆపేశాడు. "బావా, నీకు పని కుదరలేదంటే కుదరలేదను. పడతాను. పక్కనే కూర్చుని, మొహం మీద మోగుతుంటే లేదంటావేంటి? నన్ను వెర్రివెధవనుకున్నావా? నర్సులకి సాయంత్రం దాకా గడువడిగాను. మధ్యాహ్నం కూడలి గ్యారేజీలో ఇచ్చేస్తా."

మేస్త్రిని షెడ్డు దగ్గర దింపి, పలకరించకుండా వెళ్ళిపోయాడు. సొంత బావమరిది బండి ఇంకో గ్యారేజీలో కనపడితే ఊరికి వేరే చాటింపు అక్కర్లేదు. అంతకన్నా, కుర్రాడు తనను అబద్ధాలకోరు అనుకుని పోవడం మేస్త్రికి ఎక్కువ తగిలింది. చెవిటివాణ్ణని ఒక్క మాటంటే ఆ మచ్చ పోతుంది. కానీ ఆ మాటంటే షెడ్డు పోతుంది.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. భార్య స్టవ్ తగ్గించి, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈమధ్య ఆమె ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటోంది. అదెందుకో ఆయనకు ఆ క్షణంలో వెలిగింది.

"నీకు తెలుసా?"

"మీ వెనక పళ్ళెం పడేసి చూశాను. తిరగలేదు. ఇంకో పళ్ళెం పడేశాను. పళ్ళేలు సొట్టలు పడ్డాయిగానీ మీరు తిరగలేదు."

"మరి అడగలేదేం?"

"అడిగాను. మూడుసార్లు. వెనకనుంచి."

ఆయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "మోత పోలేదట, నాకేమో వినపడలేదు. నీ తమ్ముడు బండి కూడలికి తీసుకెళుతున్నాడే."

"తీసుకెళ్ళనివ్వండి. రేపు ఎవరి బండికో ఇలాగే జరిగి, అది కొండమీద విరిగితే? అప్పుడు కూడా ఏమీ వినపడలేదంటారా?"

ఆమె గుమ్మం దగ్గరున్న ఆయన చెప్పుల వైపు చూసింది. మేస్త్రి లేచి వాటిని తొడుక్కున్నాడు.

బావమరిది ఇంటిముందు కారు తుడుస్తున్నాడు. మేస్త్రి వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాడు. సంజాయిషీలు చెప్పే అలవాటు లేని మనిషి, మొత్తుకున్నట్టే అన్నాడు: "అబద్ధం ఆడలేదురా. నాకు వినపడట్లేదు. రెండు చెవులూ పోయాయి."

కుర్రాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. తర్వాత పెదాలు బాగా కదిలేలా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు: "అయితే... నీ పెళ్ళిరోజు నుంచీ... నేను తిట్టిన తిట్లన్నీ... వృథాయేనా?"

"అప్పుడు బాగానే వినపడేవిరా, దరిద్రుడా. అన్నీ గుర్తున్నాయి."

ఇద్దరూ నవ్వలేక నవ్వారు. కారు కూడలికి పోలేదు.

షెడ్డులో మళ్ళీ జాకీ ఎక్కింది. ఈసారి మేస్త్రి టార్చి పట్టుకుని చూసుకుంటే తప్పు ఎదురుగా కనపడింది. రబ్బరులో ఖాళీలు పక్కలకు రావాల్సింది కిందికీ మీదికీ వచ్చాయి. బరువు పడేచోట గట్టి రబ్బరు లేదు, వట్టి సందుంది. డిఫరెన్షియల్ ఆ సందులో ఎగిరెగిరి పడుతోంది. "చిన్నపిల్లాడు కూడా చెయ్యడు ఈ పని" అని తనను తానే తిట్టుకున్నాడు. రింగుల్ని బయటికి లాగి, తిప్పి, ఛాసీ మీద సుద్దతో గీత గీసి, గీతకు గీత సరిపోయాకే లోపలికి నొక్కాడు. డిఫరెన్షియల్ బరువు దాని చోట అది సర్దుకున్నాకే బోల్టులు గట్టిగా బిగించాడు.

ఇక ట్రయల్. బావమరిది స్టీరింగ్ ముందు కూర్చుని, "నేను వింటాలే బావా" అన్నాడు.

"నువ్వొద్దు. నీ బండి, నీ ఆత్రం. మోత ఉన్నా లేదంటావ్. మీ అక్కని పిలువు."

"అక్కకి బండ్ల గురించి ఏం తెలుసు?"

"పక్కింట్లో గుసగుసలాడుకుంటే మన ఇంట్లోంచి చెబుతుంది. అది చాలు."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వెనక సీటులో, సరిగ్గా డిఫరెన్షియల్ మీద కూర్చుంది. మేస్త్రి ముందు సీటులోంచి పూర్తిగా వెనక్కి తిరిగి ఆమె పెదాల మీదే చూపు నిలిపాడు. బండి ఎత్తెక్కింది. గేరు పడింది. ఆమె పెదాలు కదలలేదు. ఇంకో గేరు. కదలలేదు.

"ధబ్‌మందా?"

"లేదు."

"నిజం చెప్పు. నా మొహం చూసి చెప్పకు."

"లేదంటుంటే! గుద్దేది ఏమీ లేదు." ఆమె తల వంచి ఇంకాస్త విన్నది. "ఒరేయ్ తమ్ముడూ, ఆపరా. కింద ఏదో గలగలమంటోంది."

మేస్త్రి దిగి కింద పాకాడు. అడ్డ ఛాసీ మీద ఆయన మరిచిపోయిన పానా నిక్షేపంగా పడుకుని ఉంది. అది జారి ఏ మలుపులోనో షాఫ్టులో ఇరుక్కునుంటే? పానా తీసుకుని బయటికొచ్చి, దుమ్ము దులుపుకోకుండా అలాగే నిలబడిపోయాడు.

బావమరిది పానా చూశాడు, బావను చూశాడు, ఎగతాళి చేయబోయి మానుకున్నాడు. అప్పటికే రోడ్డు పక్క టీ బడ్డీ దగ్గరున్న డ్రైవర్లు ఇద్దరు ఏమైందోనని దగ్గరికొచ్చారు. "ఏం మేస్త్రీ, ఆడవాళ్ళని కూర్చోబెట్టి ట్రయలేంటి?" అన్నాడొకడు. మేస్త్రికి ఆ మాట అందలేదు. అందలేదని దాచుకోనూ లేదు.

"మళ్ళీ అను. నాకు సరిగ్గా వినపడదు" అన్నాడు.

ఆ డ్రైవరు మళ్ళీ అనలేదు.

బావమరిది బండిని నాలుగడుగులు ముందుకు పోనిచ్చి ఆపాడు. వెనక కిటికీలోంచి ఆమె తల బయటికి పెట్టింది. "ఏమండీ, గలగల పోయింది. ఇంకోటుంది. చక్రం దగ్గర కిర్రుమంటోంది, సన్నగా."

మేస్త్రి నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, అరచేతిని చెవి వెనక దోనెలా పెట్టుకుని ఆమె దగ్గరికెళ్ళి వంగాడు.

"గట్టిగా చెప్పవే. ఏ చక్రం?"