నిండని గుంత

హెలికాప్టర్ దిగేసరికి ఉదయం ఏడున్నర. సన్నని వాన. కాళ్ల కింద నల్లరాయి, ఎప్పుడో చల్లారిన లావా. భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన, ఒక కొండ మీద మా శిబిరం. ఆ దేశం పేరు రాయను. శాంతిదళంలో మాది ఇంజనీర్ల కంపెనీ, నూట ఇరవై మందిమి. నేను హవల్దార్‌ని. మొదటి హుకుం నాకే వచ్చింది: నలభై ఎనిమిది గంటల్లో మరుగుదొడ్లు లేవాలి.

ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో నీళ్లూ డ్రైనేజీ చూసుకునే సూపర్‌వైజర్ని. మొన్న ఆస్ట్రేలియా వెళ్లొచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి అడిగింది: "అంకుల్, అక్కడ టాయిలెట్‌లో నీళ్లు ఉల్టా తిరుగుతాయంటారు కదా, మీరు ఆఫ్రికాలో చూశారా?"

"చూసినం బిడ్డా" అన్నాను. నవ్వొచ్చే ముక్క ఒక్కటే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా పక్క శిబిరం యూరప్ వాళ్లది. వాళ్లకు కాగితం చాలు. కింద డబ్బా ఉంటుంది, నిండితే లారీలో ఎత్తుకుపోతారు. మనకు అట్లా కుదురుతుందా? కడుక్కోవాలి, ఆపైన బకెట్ నీళ్లు గుమ్మరించాలి, అప్పటిగ్గానీ మనసు ఒప్పదు. అందుకని గుంత తవ్వించాను. పన్నెండడుగుల లోతు. స్నానాల నీళ్లూ అందులోకే.

మా ఊరు శేరిలింగంపల్లి పక్కన. నేలంతా బండ. గుంత తవ్వితే ఆర్నెల్లకు నిండుతుంది, వానొస్తే వాకిట్లోకి పొంగుతుంది. నిండని గుంత దొరికినవాడు అదృష్టవంతుడు. ఆ కొండ మీద మాత్రం నెల గడిచినా అడుగున తడి తప్ప ఏమీ నిలవలేదు. రాతి పగుళ్లలోంచి నీరు సర్రున దిగిపోయేది. నేను మీసం దువ్వాను. "చూసిండ్రా, గుంతంటే గిట్లుండాలె!" అని అందరికీ చూపించాను. ఎంత తెలివితక్కువ వెధవని!

రేడియో ఆపరేటర్‌ది భీమవరం. ఒక ఆదివారం బేసిన్ నింపి, అగ్గిపుల్ల వేసి, బిరడా లాగాడు. "దక్షిణార్ధగోళమండీ, గడియారం ముల్లులా తిరగాలి." ఎడమకు తిరిగింది. మళ్లీ నింపాడు. కుడికి తిరిగింది. మూడోసారి తిరక్కుండానే పోయింది. "పోసిన చేతిని బట్టి తిరుగుతున్నాయండీ, భూమిని బట్టి కాదు" అన్నాడు. పడీ పడీ నవ్వాం. నీళ్లు ఎటు తిరుగుతాయో గంటసేపు చూశాం, ఎటు పోతాయో ఒక్కడూ అడగలేదు. తర్వాత టీ తాగి డ్యూటీలకు వెళ్లిపోయాం.

కొండ కింద ఊరు. ఊరందరికీ ఒకటే ఊట. ఆ ఊరి నుంచి ఒకామె మా గేటు దగ్గరికి అరటిపళ్లు తెచ్చి అమ్మేది. వీపున ఏడునెలల కొడుకు. వాడు నా మీసం చూసి కిలకిలా నవ్వేవాడు.

మూడో నెలలో మా నర్సింగ్ అసిస్టెంట్ వచ్చాడు. కరీంనగర్ వాడు. "హవల్దార్ సాబ్, ఊర్ల పిల్లలకు విరేచనాలు ఆగుతలెవ్వు. జర పరేషాన్‌గుంది."

"వానలు కదరా, ఫికర్ చెయ్యకు. మందులు ఇచ్చిరా."

ఇచ్చాడు. ఎనిమిదో రోజున అరటిపళ్లామె కొడుకు పోయాడు.

మరో పదకొండు రోజులకు హోలీ. సుబేదార్ సాబ్ గంటసేపు ఆడుకోనిచ్చారు. పన్నెండుకల్లా అందరం స్నానాలు చేశాం. రెండున్నరకు రేడియో పలికింది. ఊట దగ్గర్నుంచి నర్సింగ్ అసిస్టెంట్.

"సాబ్, ఊట నీళ్లు గులాబి రంగుల వస్తున్నయ్. ఓవర్."

"ఏంది? మళ్ల చెప్పు. ఓవర్."

"గులాబి, సాబ్. మన హోలీ రంగే."

పన్నెండుకు మా ఒంటి మీద నుంచి గుంతలోకి పోయిన నీళ్లు రెండున్నరకు వాళ్ల బిందెల్లో ఉన్నాయి. ఇన్నాళ్లూ అంతే.

నాలుగింటికల్లా గుంత పూడ్చేశాం. ఊరికి ట్యాంకర్ నీళ్లు మొదలయ్యాయి. మేజర్ సాబ్ ఒకటే మాటన్నారు: "గుంత నీది. ఊరికి నువ్వే చెప్పాలి." ఊరిపెద్ద దగ్గరికి వెళ్లి, ఊట చెడిపోయింది, తాగొద్దని చెప్పాను. ఎందుకు చెడిందో చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆ అరటిపళ్లామెకైనా నిజం చెబుదామని దుబాసీని వెంటబెట్టుకుని వెళ్లాను. గుడిసె ముందు స్టూలు వేసింది. అరటిపళ్లు పెట్టింది. నేను ఒక పండు ఒలుచుకుని తిన్నాను.

"ఏం చెప్పమంటారు?" అన్నాడు దుబాసీ.

చేతిలోని తొక్క మడిచి పక్కన పెట్టాను. చివరికి అన్నాను: "పళ్లు బాగున్నాయని చెప్పు."

ఇంటికి వచ్చాను. పింఛను వచ్చింది, మియాపూర్‌లో ఫ్లాటు వచ్చింది, మనవరాలు పుట్టింది. చాలా సంగతులు మర్చిపోయాను, మేజర్ సాబ్ ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు. ఒక్కటి మాత్రం పోదు. వాళ్ల ఆచారం ప్రకారం తినేముందు అతిథి చేతులు ఇంటామె కడగాలి. ఆ రోజు పళ్లు పెట్టేముందు ఆమె వంగి, ఒక్క చుక్క వృథా పోకుండా నా చేతుల మీద నీళ్లు పోసింది. తర్వాత, బిడ్డను వీపున కట్టుకునే గుడ్డ తీసి, వేలు వేలూ తుడిచింది.